రాగుల బండ్లు పోయే దారిలో

మా రేపల్లె వైపు నుంచి మదనపల్లె పోయేవాళ్ళు రెండే రకాలు. క్షయ జబ్బుతో పోయేవాళ్ళు, వాళ్ళను చూడటానికి పోయేవాళ్ళు. నేను రెండో రకం. మా తమ్ముడు డేవిడు ఆ ఊరి పక్కనున్న శానటోరియంలో ఏడాదిగా ఉన్నాడు. బడికి వేసవి సెలవులు ఇవ్వగానే వాణ్ణి చూసి, అక్కణ్ణుంచి బస్సుల మీద కుప్పం పోయి, మా అక్క దగ్గర కొన్నాళ్ళుండి రావాలని బయలుదేరాను. బావ కుప్పం రైలు స్టేషనులో గూడ్సు గుమాస్తా.

బర్మా బియ్యం రావడం ఆగిపోయిన మరుసటి ఏడు అది. కాలవల కింద పుట్టి పెరిగినదాన్ని. ధర పెరిగిందని విన్నాను గాని, డబ్బు పట్టుకుని తిరిగినా గింజ దొరకకపోవడం ఎలా ఉంటుందో నేను ఎరగను. "ఇక్కడ బియ్యం కంటికి కనబడటం లేదు" అని అక్క కబురు పెడితే, మరీ చోద్యం చెబుతోందనుకుంటూనే పాత బియ్యం ఒక చిన్న సంచిలో కట్టుకున్నాను.

తిరిగి వచ్చాక తోటి పంతులమ్మలు ఆ ఊళ్ళు ఎలా ఉన్నాయని అడిగారు. కొండలు బాగున్నాయి, గాలి చల్లగా ఉంది అని చెప్పి ఊరుకున్నాను. అది అబద్ధం కాదు. కాని నేను చూసింది అది కాదు.

మదనపల్లె

రైలు దిగి జట్కా ఎక్కితే ఊరు చేరేసరికి మధ్యాహ్నం అయింది. మండు వేసవిలో కూడా చెట్టు కిందకి వెళితే చల్లగా ఉంది. మాకు అలాంటి గాలి కార్తీకంలో గాని రాదు. జట్కావాణ్ణి భోజనం ఎక్కడ దొరుకుతుందని అడిగాను. ఒక పూటకూళ్ళ ఇంటి ముందు ఆపాడు. ఆ ఇంటావిడ గడపలోనే చెప్పేసింది.

"అన్నం లేదమ్మా. సంగటి ఉండాది. అదీ ఒక ముద్దే."

రాగి సంగటి నేను తినడం అదే మొదలు. నల్లటి ముద్ద, పక్కన ఊరిబిండి అనే వేరుశనగల పచ్చడి. నమలబోతే ఆవిడ నవ్వింది. "నమిలేది కాదమ్మా, మింగాల." ఆమె చెప్పినట్టు మింగాను. రుచి బాగానే ఉంది. రాగిపిండిలో ఇంకేదో వగరు తగిలింది. అడిగితే ఆవిడ దాచకుండా చెప్పింది. "చింతగింజలు ఏయించి ఇసురుతాండాము. రాగులు సాలవు." యుద్ధానికి ముందు కడుపు నిండా పెట్టి తీసుకునే డబ్బుకు రెండింతలు ఇప్పుడు ఒక్క ముద్దకు తీసుకుంది. తీసుకునేటప్పుడు నా ముఖం చూడలేదు.

డేవిడు కాస్త ఒళ్ళు చేశాడు. సంతోషించాను. కాని వాడి మాటల్లో ఆ సంతోషం లేదు.

"మాకు తిండికి లోటు లేదు చిన్నక్కా. పాలు, గుడ్డు అన్నీ వస్తున్నాయి. పోయిన నెల నుంచి గేటు దగ్గర జనం నిలబడుతున్నారు. మేం పారేసే ఎంగిలి కోసం. అంటుకుంటుందమ్మా, క్షయ ఇది అని చెబితే, ఒకామె ఏమందో తెలుసా? 'ఈ జబ్బైతే సచ్చేదానికి రెండేండ్లు పడతాది గదా నాయనా' అంది."

వాడు అటు తిరిగి పడుకున్నాడు.

సాయంత్రం సాలెవాళ్ళ వీధిలోంచి నడిచి వచ్చాను. మగ్గాల వీధి అంటే దూరం నుంచే చప్పుడు వినబడాలి. అక్కడ ఏ ఇంట్లోనూ చప్పుడు లేదు. నూలు మీద సర్కారు కంట్రోలు అట. నూలు వచ్చినా డబ్బున్నవాడి వెనక తలుపు గుండా పోతుందట. ఒక ఇంటి ముందు మంచినీళ్ళు అడిగితే లోపలినుంచి ఆడగొంతు వినబడింది గాని మనిషి రాలేదు. పక్కింటామె తెచ్చి ఇస్తూ మెల్లగా చెప్పింది. ఆ ఇంట్లో అత్తాకోడళ్ళకు బయట కట్టుకునే చీర ఒక్కటేనట. అత్త అది కట్టుకుని గింజల కోసం కంట్రోలు అంగడికి పోయిందట. నలుగురికీ చీరలు నేసిన ఇల్లు అది.

బొగ్గు బస్సు

పెట్రోలు లేదు గనక అక్కడి బస్సులు బొగ్గుతో నడుస్తాయి. వెనక పెద్ద ఇనుప పీపా. అందులో బొగ్గు నింపి, క్లీనరు అరగంట సేపు దాని పిడి తిప్పితే ఆవిరో పొగో పుడుతుంది. అప్పుడు బండి కదులుతుంది. మిట్ట వస్తే ఆడవాళ్ళతో సహా అందరూ దిగి నడవాలి. నా పక్కన కూర్చున్నామె మాత్రం దిగలేదు. నిండు చూలాలు. కండక్టరు కూడా దిగమనలేదు.

ఆమె పేరు నంజమ్మ. ముప్ఫై దాటి ఉంటాయి. కుప్పం పక్క పల్లెలో సాలెవాళ్ళు. మదనపల్లెలో అన్న ఇంటికి నూలు కోసం వచ్చి, అన్నకే దొరక్క ఉత్తచేతులతో పోతున్నానని చెప్పింది.

"బిడ్డలెంతమంది?" అన్నాను.

"ఒగడేనమ్మా. ఇంగా పాలు మరవలేదు. నాకే పాలు ఇంకిపాయ. మా ఆయన దగ్గర ఇడిసిపెట్టి వచ్చినా."

పాలు మరవని బిడ్డ ఉండగా మళ్ళీ నెలలు నిండాయా అని నాకు అనుమానం వచ్చింది గాని, అడగలేకపోయాను.

పుంగనూరు ఇంకా కొంత దూరం ఉందనగా తనిఖీ గేటు దగ్గర బస్సు ఆపారు. ఒక కానిస్టేబులు, ఒక రెవిన్యూ బిళ్ళబంట్రోతు లోపలికి వచ్చి మూటలు విప్పడం మొదలుపెట్టారు. ఒక ఊరి గింజ ఇంకో ఊరికి పోవాలంటే పర్మిట్టు కావాలి. నా సంచి విప్పారు.

"బియ్యమా! పర్మిట్టు ఉండాదా అమ్మా?"

"మా అక్క కోసం రేపల్లె నుంచి తెస్తున్నానండీ. మా చేలో పండినవి."

"యాడ పండితే ఏమి? ఇది నేరం. బడిపంతులమ్మ మాదిరి ఉండావు, కేసు రాయను. సంచి ఇడిసి పో."

బంట్రోతు సంచి తీసుకుపోయి గేటు పక్క గదిలో పెట్టాడు. ఆ గదిలో చిన్నా పెద్దా మూటలు చాలా కనబడ్డాయి. నాకు కోపమూ సిగ్గూ కలిసి ఏడుపు వచ్చింది. తర్వాత కానిస్టేబులు నంజమ్మ వైపు తిరిగాడు. ఆమె కళ్ళు ఎర్రజేసి చూసింది.

"నెలలు నిండిన ఆడదాన్ని. ముట్టుకుంటావా అప్పా? ముట్టుకో, సూస్తా."

అతను వెనక్కి తగ్గాడు. బస్సు కదిలి గేటు కనబడకుండా పోయాక నంజమ్మ నా చెయ్యి తీసుకుని తన కడుపు మీద పెట్టింది. చేతికి ఇసకలా తగిలింది. రాగులు. చీర మడతల కింద గుడ్డ సంచి నడుముకు చుట్టి కట్టుకుంది.

"కాలికడియాలు అమ్మి తెచ్చినా. బిడ్డకు అంబలి కాసేదానికి," అంది. "ఏడవాకమ్మా. నీకు దాసేది తెలీదు, అంతే."

నాకు నవ్వొచ్చింది. ఆమె కూడా నవ్వింది. ఆ ప్రయాణం మొత్తంలో నేను నవ్వింది అక్కడే.

పోయినేడు స్వరాజ్యం గొడవల్లో కుప్పం దగ్గర రైలు పక్కన టెలిగ్రాఫు తీగలు తెంపారని పత్రికలో చదివాను. ఆ మాట ఎత్తితే నంజమ్మ మూతి విరిచింది.

"తీగలు తెంపితే కడుపు నిండతాదా? జెండా పట్టుకున్నోళ్ళు జైలుకు పాయిరి. పోలీసోళ్ళొచ్చి మా పల్లె మింద జరిమానా యేసిరి. మా ఆయన మగ్గం నాడెలు అమ్మి కట్టినాడు. ఆ యవ్వారం మాకొద్దమ్మా."

పుంగనూరు పొలిమేరలోనే బొగ్గు పీపా పగిలి బస్సు నిలిచిపోయింది. మర్నాడు గాని ఇంకో బస్సు లేదన్నారు.

పుంగనూరు

ఆ ఊళ్ళో మా క్రైస్తవుల బడిలో పనిచేసే ఎస్తేరమ్మ అనే పంతులమ్మ ఇంట్లో దిగాం. ముక్కూ ముఖం తెలియని మమ్మల్ని ఇద్దరినీ లోపలికి పిలిచి, ఉన్న గంజే ముగ్గురికీ పంచింది. మాకైతే చుట్టం వస్తే కోడిని కోస్తారు. ఆమె పలచని గంజి పోస్తూ క్షమాపణ కూడా చెప్పలేదు. ఆ ఊళ్ళో ఆ రోజుల్లో అది మర్యాదే.

పొద్దున్నే బస్సు సంగతి కనుక్కోవడానికి ముగ్గురం అంగళ్ళ వీధికి వెళ్ళాం. కంట్రోలు అంగడి ముందు ఆడవాళ్ళు గంపలు, చేటలు పట్టుకుని కూర్చుని ఉన్నారు. వారం రోజులుగా అది తెరవలేదట. రోజూ వచ్చి కూర్చుని పోతున్నారట. నాలుగిళ్ళ అవతల ఒక గింజల వ్యాపారి మండీ ముందు మాత్రం సందడిగా ఉంది. బస్తాలు బండ్లకు ఎత్తుతున్నారు. మొదటి బండి పక్కన ఎద్దులకు నీళ్ళు పెడుతున్న గడ్డపు ముసలాయన్ని ఎస్తేరమ్మ పలకరించింది. ఆయన పేరు హుసేన్ సాయిబు. వాళ్ళ వీధివాడే.

"ఏమి సరుకు సాయిబూ?"

"రాగుల్ అమ్మా. టేషన్‌కు తోలాల. ఆణ్ణుంచి యాడికి పోతాదో అల్లాకే తెలుసు."

"ఊళ్ళో గింజ లేదే!"

"నా ఇంట్లో బీ లేదు," అన్నాడాయన. "నా బీబీ ఆ అంగడి ముందరే కూసోనుండాది, సూడు. బండి నాది, ఎద్దులు నావి, మాల్ నాది కాదు. బాడిగ ఇస్తే రేపు ఏమన్నా కొంటా. తోలకపోతే అది బీ లేదు."

బండ్లు కదిలాయి. కంట్రోలు అంగడి ముందుకు రాగానే కూర్చున్న ఆడవాళ్ళలో ఒక పెద్దామె లేచి దారికి అడ్డంగా నిలబడింది. తర్వాత ఇంకొకరు. చూస్తుండగానే వీధి నిండింది. వాళ్ళెవరూ బస్తా మీద చెయ్యి వెయ్యలేదు. ఇది నేను కళ్ళారా చూశాను గనక గట్టిగా రాస్తున్నాను. ఆ పెద్దామె మండీ గుమాస్తాను అడిగింది ఒక్కటే.

"ఊరికే ఇయ్యమనలేదప్పా. కంట్రోలు రేటుకు ఈడే కొలిసి అమ్ము. దుడ్లు కొంగున కట్టుకోనే వచ్చినాము."

"నాకు పర్మిట్టు ఉండాది. అమ్మేదానికి లేదు. దావ ఇడవండి."

మాట మాట పెరిగింది. పోలీసుల కోసం మనిషి పరుగెత్తాడు. ఎస్తేరమ్మ నన్ను ఒక అంగడి అరుగు మీదకి లాగింది. నేను నంజమ్మ చెయ్యి పట్టుకున్నాను. ఆమె విడిపించుకుంది.

"నీ గింజలు నీ దగ్గర ఉన్నాయి కదా నంజమ్మా. బస్సు వచ్చే వేళయింది, మనకెందుకు?"

"కండ్ల ముందరే పోతాంటే సూస్తా నిలబడేది ఎట్లమ్మా? ఈ పొద్దు ఈళ్ళవి. రేపు మావి," అంది. వెళ్ళి హుసేన్ సాయిబు ఎద్దుల ముందు కింద కూర్చుంది. ఆమెను చూసి మరి కొందరు కూర్చున్నారు.

పోలీసులు వచ్చారు. లేవమన్నారు. లేవలేదు. లాఠీలు లేచాయి. ఒక దెబ్బ నంజమ్మ పొట్ట మీద పడింది. ఆడవాళ్ళు గొల్లున అరిచారు. ఆమె చూలాలనే కదా అందరూ అనుకుంటున్నది. ఆమె రెండు చేతులతో పొట్ట పట్టుకుంది. వేళ్ళ సందుల్లోంచి, చీర కుచ్చిళ్ళ కిందినుంచి రాగులు కారడం మొదలుపెట్టాయి.

కొట్టిన కానిస్టేబులు లాఠీ దించి చూస్తున్నాడు. ఆమె ఎవరినీ చూడటం లేదు. దుమ్ములోంచి గింజలు దోసిళ్ళతో ఎత్తి మళ్ళీ ఒళ్ళో పోసుకుంటోంది. పక్కనున్న ఆడవాళ్ళు వంగి ఏరడం మొదలుపెట్టారు. ఆమె కోసం ఏరారో, తమ కోసం ఏరారో నేను చెప్పలేను. ఏరుతున్న చేతుల మీద మళ్ళీ లాఠీలు పడ్డాయి.

అప్పుడు ఎక్కడినుంచో ఒక రాయి వచ్చింది. దాని వెనక ఇంకెన్నో. అప్పటిదాకా దూరంగా నిలబడి చూస్తున్న మగవాళ్ళు వీధిలోకి దిగారు. తుపాకీ పేలింది. ఎద్దులు బెదిరి బండిని ముందుకు గుంజాయి. హుసేన్ సాయిబు, బండి ముందు కూర్చున్నవాళ్ళ మీదకి పోకుండా ముకుతాళ్ళు రెండు చేతులా గుంజి పట్టుకుని, "హో, హో" అంటూ నిలబడ్డాడు. అలా నిలబడ్డవాడే ఒరిగిపోయాడు. గుండు మెడ కింద తగిలింది. ఆయన భార్య పరుగెత్తుకు వచ్చేసరికి ప్రాణం పోయింది. ఆమె చేతిలో ఇంకా చేట ఉంది.

పోలీసులు దొరికినవాళ్ళను దొరికినట్టు పట్టుకున్నారు. నంజమ్మను జుట్టు పట్టి లేపారు. నన్ను దాటిపోతూ ఆమె గట్టిగా అరిచింది.

"అమ్మా, మా ఆయన పేరు ఎర్రప్ప. బిడ్డకు చింతగింజల గంజి పొయ్యొద్దని చెప్పు. వానికి అరగదు!"

సాయంత్రం ఒక అధికారి ఎస్తేరమ్మ ఇంటికి వచ్చి, ఏం చూశారని మమ్మల్ని అడిగాడు. అతనికి కావలసింది నాయకుడి పేరు. ఏ పార్టీవాళ్ళు ఎగదోశారు, జెండాలు ఎవరు తెచ్చారు అని మళ్ళీ మళ్ళీ అడిగాడు. జెండాలు లేవు, చేటలు ఉన్నాయి అన్నాను. వారంగా అంగడి తెరవలేదు, అందుకని అడ్డం నిలబడ్డారు అన్నాను. అతను విని, "మీకు తెలీదులే అమ్మా, దీని వెనక రాజకీయం ఉండాది," అని వెళ్ళిపోయాడు. రాజకీయం ఆ పొద్దుటి దాకా నిజంగానే లేదు. సాయిబు జనాజా వెనక ఊరు ఊరంతా, హిందువులూ క్రైస్తవులూ కూడా నడిచారు. తిరిగి వచ్చేటప్పుడు కుర్రవాళ్ళు దొరతనం పడిపోవాలని అరిచారు. ఆ కేకలకు మండీవాడు తలుపులు మూసుకున్నాడు.

కుప్పం

కుప్పంలో బస్సు దిగితే తెలుగు, అరవం, కన్నడం ఒకే నోట వినబడతాయి. ఒక వాక్యం మొదలుపెట్టిన భాషలో ముగించరు. మరో వేళ అయితే సరదాగా వినేదాన్ని. అక్క నా ఉత్తచేతులు చూసింది. జరిగిందంతా విని, "నువ్వు క్షేమంగా వచ్చావు, చాలు," అంది. ఆమె కూడా బాగా చిక్కిపోయింది.

మర్నాడు బావను తోడు తీసుకుని నంజమ్మ పల్లెకు వెళ్ళాను. ఎర్రప్ప గుంటమగ్గంలో కాళ్ళు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మగ్గం మీద పోగు లేదు. ఒళ్ళో బిడ్డ. పెద్ద తల, సన్నటి కాళ్ళు, ఏడవడానికి ఓపిక లేని ముఖం. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. అతను చివరిదాకా విని అడిగాడు.

"రాగులన్నీ పాయనా అమ్మా?"

"పోయాయి."

"దెబ్బ బలంగా తగిలిందా?"

"నడిచే వెళ్ళింది."

చింతగింజల గంజి సంగతి చెప్పాను. అతను తల వంచుకున్నాడు. పొయ్యి మీద ఉన్నది అదే. తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంగేం పొయ్యాలో చెప్పలేదా?"

నేను అక్క ఇంటినుంచి తెచ్చిన పాలపొడి డబ్బా అక్కడ పెట్టాను. అది అడుగున కొంచెమే ఉంది. అంతకంటే మా దగ్గరా లేదు.

మేం ఉండగానే ఖద్దరు చొక్కాలవాళ్ళు ముగ్గురు వచ్చారు. పుంగనూరు వార్త వాళ్ళకూ చేరింది. నంజమ్మ వీరనారి అనీ, ఆమె పేరు మీద ఊరేగింపు తీస్తామనీ, ఎర్రప్ప ముందు నడవాలనీ అన్నారు. పోయినేడు తీగలు తెంపిన రోజున అతను తలుపు మూసుకున్నవాడేనట. అతను వాళ్ళను చూసి మెల్లగా అడిగాడు.

"రాగులేమన్నా తెచ్చినారా అప్పా?"

వాళ్ళలో పెద్దవాడు నిజమే చెప్పాడు. "లేదప్పా. మా ఇంట్లో కూడా లేవు."

ఎర్రప్ప బిడ్డను భుజాన వేసుకున్నాడు. తర్వాత గుంటలోంచి కాళ్ళు పైకి తీశాడు. "సరే, వస్తా. ఈడ కూసోని చేసేది కూడా ఏమీ లేదు గదా."

నేను బయలుదేరిన రోజున ఆ ఊరేగింపును రైలు పెట్టెలోంచి చూశాను. మహా అయితే ఒక వీధి మంది. ముందు జెండా పట్టుకున్న ఖద్దరు మనిషి, వెనక ఖాళీ గంపలతో ఆడవాళ్ళు, వాళ్ళ మధ్య బిడ్డను భుజాన వేసుకున్న ఎర్రప్ప. అందరూ ఒక్కటే నినాదం అనడం లేదు. ముందువాళ్ళు స్వరాజ్యం అంటున్నారు. వెనకవాళ్ళు రాగులు అంటున్నారు. నడుస్తున్నకొద్దీ రెండు కేకలూ కలిసిపోయాయి. ఏది ఏదో నాకు విడిగా వినబడలేదు.

ఆ తర్వాత

మిగతాది అక్క రేపల్లె వచ్చినప్పుడు చెప్పింది. నంజమ్మకు వేలూరులో జైలు పడింది. పర్మిట్టు లేని గింజ తెచ్చినందుకు కొంత, అల్లరి చేసినందుకు కొంత. శిక్ష తీరి ఆమె కుప్పంలో రైలు దిగినప్పుడు బావ ప్లాట్‌ఫారం మీదే ఉన్నాడు. ఎర్రప్ప ఒక్కడే వచ్చాడు. ఆమె అతని భుజం చూసింది, అతని వెనక చూసింది. వానలు పడకముందే బిడ్డ పోయాడు. బిడ్డను మగ్గం గుంట పక్కనే వేసుకుని చివరిదాకా కనిపెట్టుకుని ఉన్నానని మాత్రం ఎర్రప్ప చెప్పాడట.

ఆమె ప్లాట్‌ఫారం మీద కూలబడింది. ఏడవలేదట. అవతలి పట్టాల మీద గూడ్సు వ్యాగనులోకి రాగుల బస్తాలు ఎత్తుతున్నారు. చాలాసేపు అటే చూస్తూ కూర్చుంది. తర్వాత లేచి, పట్టాలు దాటి వెళ్ళి, వ్యాగను ముందు ఇనుప పట్టా మీద పడుకుంది. ఎర్రప్ప వెళ్ళి పక్కన కూర్చున్నాడు. కూలీలు బస్తాలు కింద పెట్టారు. ఊళ్ళోంచి ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. లేవమని చెప్పడానికి పైఅధికారి బావను పంపాడు. బావ దగ్గరికి వెళ్ళాడు. "లేవమ్మా, నా ఉద్యోగం పోతుంది," అని బతిమాలాలనుకున్నాడట.

"అన్నారా?" అని అడిగాను.

"అనలేకపోయారు," అంది అక్క. "ఆవిడే కళ్ళు తెరిచి, 'ఈ బస్తాలు యాడికి పోతాండాయప్పా?' అని అడిగిందట. మీ బావ ఇన్నేళ్ళు ఆ సరుకు ఎక్కించారు గాని, ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదట. చీటీలో స్టేషను పేరే ఉంటుంది, ఎవరు తింటారో తెలియదమ్మా అన్నారట. అని, ఎండకు తలపాగా తీసి ఆవిడ మీద కప్పి వచ్చేశారు."

ఆ రోజు ఆ వ్యాగను కదల్లేదు.